పిడికెడు మట్టి కోసం అంత దూరమా?

(ఆదివారం సత్సంగం తర్వాత ఆలయ హాలులో మన సాంకేతిక సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్య కుటుంబాల కోసం ఇక్కడ ప్రచురిస్తున్నాం.)

ప్రసాదం పంచే ముందు మాకు ఈ అరగంట ఇచ్చిన కార్యవర్గానికి కృతజ్ఞతలు.

ఆలయంలో మైకులు, కంప్యూటర్లు, పండుగలప్పుడు ప్రత్యక్ష ప్రసారాలు చూసుకునే మా బృందంలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. రాకెట్లు కట్టినవాళ్ళం కాము. కానీ ఎక్కడో దూరంగా ఉన్న యంత్రం మనం రాసిన ఆజ్ఞల ప్రకారమే నడుచుకుంటుందా లేదా అని గుండె చిక్కబట్టుకుని చూడటం మాకు రోజూ ఉన్న పనే. ఆ చనువుతో ఈ విషయం ఎత్తుకున్నాం.

2024 సెప్టెంబరు 18న భారత కేంద్ర మంత్రివర్గం చంద్రయాన్-4కి ఆమోదం తెలిపింది. చంద్రుడి మీద దిగి, అక్కడి మట్టిని భూమికి తీసుకురావడం దాని పని. ఖర్చు 2,104 కోట్ల రూపాయలు. అప్పట్నుంచి మన భోజనాల వరుసలో ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. "మట్టి తేవడానికి రెండు వేల కోట్లా బాబూ? మన ఊళ్ళో మట్టికేం తక్కువ?" అని. సగం వేళాకోళం, సగం నిజం. అడగవలసిన ప్రశ్నే ఇది. మేము కూడా చదివి, మాలో మేము వాదించుకుని, మాకు తోచిన జవాబు ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

మనకు తెలిసిన పనే

మట్టిని శ్రద్ధగా సేకరించడం మనకు కొత్త కాదు. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు రోజు సాయంత్రం అంకురార్పణ జరుగుతుంది. స్వామివారి సేనాధిపతి విష్వక్సేనులవారు ఊరేగింపుగా బయలుదేరి వెళ్తారు. అక్కడ పూజ చేసి పుట్టమన్ను తీసుకుని తిరిగి వస్తారు. దాన్నే మృత్సంగ్రహణం అంటారు. ఆ మన్నును పాలికల్లో పోసి నవధాన్యాలు చల్లుతారు. అంత పెద్ద ఉత్సవానికి మొదలు పిడికెడు మట్టి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తవ్వుకొస్తే సరిపోదు. ఎవరు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ తీయాలి, తెచ్చి ఎందులో ఉంచాలి, అన్నిటికీ ఒక విధి ఉంది.

మనలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు ఇంకో విధి కూడా తెలుసు. భూసార పరీక్షకు మట్టి నమూనా తీసేటప్పుడు గట్టు పక్కన తీయకూడదు. చెట్టు నీడలో తీయకూడదు. పెంట పోగు పోసిన చోట అసలే తీయకూడదు. పొలంలో అక్కడక్కడ వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క నుంచి పలుచగా మట్టి గీసుకోవాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా అలా చేసి, సంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు రాసిన చీటీ పెట్టాలి. చీటీ లేని సంచి ఎంత మంచి మట్టి ఉన్నా పారబోయడానికే పనికొస్తుంది.

మన పామర్‌స్టన్ నార్త్ చుట్టుపక్కల పాడి రైతులూ ఇదే చేస్తారు. పచ్చిక బయలులో గొట్టంలాంటి పనిముట్టు గుచ్చి, 7.5 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి కడ్డీలు తీస్తారు. మాసీ విశ్వవిద్యాలయం వ్యవసాయ కళాశాలగా పుట్టిన ఊరు మనది. మట్టిని నమూనాగా చూడటం ఈ ఊరి రక్తంలో ఉంది.

ఇప్పుడు అదే పనిని 3,84,000 కిలోమీటర్ల అవతల, మనిషి లేకుండా చేయాలి. చంద్రయాన్-4 అంటే అంతే. పని పాతది. పొలం కొత్తది.

అక్కడే పరీక్షిస్తే పోదా?

మా బృందంలో మొదట వచ్చిన వాదన ఇదే. రోబోను పంపేటప్పుడు పరికరాలు కూడా దాంతోనే పంపి, అక్కడే చూసి, ఫలితాలు మాత్రం రేడియోలో తెప్పించుకోవచ్చు కదా? చంద్రయాన్-3 చేసింది అదే. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి, ఆగస్టు 23న దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. విక్రమ్ ల్యాండర్ చిన్న ఉష్ణమాపక కడ్డీని నేలలో గుచ్చింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి, 8 సెంటీమీటర్ల లోతుకు వెళ్ళేసరికి సుమారు మైనస్ 10 డిగ్రీలు. మన పాడి రైతు గొట్టం గుచ్చే లోతు దాదాపు అంతే! ఆ కాస్త లోతులో అంత తేడా. అంటే చంద్రుడి మట్టి వేడిని కిందికి దాదాపుగా పోనివ్వని కంబళి అన్నమాట. ప్రజ్ఞాన్ రోవర్ అక్కడి మట్టిలో గంధకం ఉందని తేల్చింది. 23 చోట్ల మట్టిలోని మూలకాలను కొలిచింది. చంద్రుడు పుట్టిన కొత్తల్లో పైనంతా కరిగిన శిలల సముద్రంగా ఉండేదన్న సిద్ధాంతానికి ఆ కొలతలు బలమిచ్చాయి.

ఇంత చేయగలిగినప్పుడు మట్టిని మోసుకురావడం ఎందుకు? రెండు కారణాలు.

మొదటిది, కొన్ని పరికరాలు పంపలేం. ఒక రాయి వయసు కచ్చితంగా చెప్పాలంటే దాన్ని రేణువులుగా విడదీయాలి, వాటిలోని మూలకాలను అతి సూక్ష్మంగా తూచాలి. ఆ యంత్రాలు గదులు నింపేంత పెద్దవి. నిపుణులు పక్కన నిలబడి, ఒక పద్ధతి కుదరకపోతే ఇంకో పద్ధతి పట్టాలి. రోవర్ మీద ఎక్కించిన పరికరం వేసిన ప్రశ్నే వేస్తుంది.

రెండోది మాకు ఇంకా ముఖ్యంగా తోచింది. కొన్ని పరికరాలు ఇంకా పుట్టలేదు. 1971, 1972లలో అపోలో 15, 17 యాత్రల వాళ్ళు తెచ్చిన మట్టిలో చిన్న చిన్న గాజు పూసలు ఉన్నాయి. కోట్ల ఏళ్ళ కిందట చంద్రుడి మీద అగ్నిపర్వతాలు చిమ్మినవి అవి. అప్పటి పరికరాలతో చూసి చంద్రుడు ఎముకలా ఎండిపోయినవాడని అందరూ అనుకున్నారు. 2008లో, అవే పూసలను కొత్త పరికరంతో చూసిన శాస్త్రవేత్తలకు వాటిలో నీటి జాడ దొరికింది. మరుసటి ఏడాది, 2009లో, మన చంద్రయాన్-1 మీద ఉన్న పరికరం చంద్రుడి ఉపరితలం మీదా నీటి ఆనవాళ్ళు ఉన్నాయని చూపింది. మట్టి మారలేదు. దాన్ని చూసే కన్ను మారింది. ముప్పై ఆరేళ్ళు ఆ పూసలు బీరువాలో ఓపిగ్గా కూర్చున్నాయి.

రేడియోలో వచ్చిన కొలత ఒక జవాబు. ఇంటికి తెచ్చిన మట్టి అలా కాదు, రేపు ఎవరైనా కొత్త ప్రశ్న వేస్తే దానికీ జవాబు చెబుతుంది. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

ఇంతవరకు ఎవరెవరు తెచ్చారు

అపోలో యాత్రల్లో మనుషులు ఆరు సార్లు దిగి 382 కిలోల రాళ్ళు, మట్టి తెచ్చారు. మనిషి లేకుండా మొదట తెచ్చింది సోవియట్ యూనియన్. 1970 సెప్టెంబరులో లూనా-16 చంద్రుడి మీద దిగి, తొలిచి, 101 గ్రాముల మట్టితో తిరిగి వచ్చింది. తర్వాత 1972లో లూనా-20, 1976లో లూనా-24 తెచ్చాయి. చైనా 2020 డిసెంబరులో చాంగ్-5 తో 1,731 గ్రాములు, 2024 జూన్‌లో చాంగ్-6 తో 1,935 గ్రాములు తెచ్చింది. ఆ రెండోది మనకు ఎన్నడూ కనిపించని చంద్రుడి అవతలి వైపు నుంచి వచ్చిన మొట్టమొదటి మట్టి.

చంద్రుడిని దాటి గ్రహశకలాల దగ్గరికి వెళ్ళిన కథలు ఇంకా బాగుంటాయి. జపాన్ వాళ్ళ హయబుసా 2003లో బయలుదేరి 2005లో ఇతొకావా అనే గ్రహశకలాన్ని చేరింది. ధూళి లేపడానికి నేల మీదకు చిన్న గుండు పేల్చాలి. అది పేలలేదు. ఇంధనం కారింది, ఇంజిన్లు మొరాయించాయి, వారాల తరబడి జాడ కూడా తెలియలేదు. 2007లో రావలసింది 2010 జూన్‌లో వచ్చింది. క్యాప్సూల్ తెరిచి చూస్తే కంటికి ఏమీ కనబడలేదు. సూక్ష్మదర్శినిలో వెతికితే 1,500కు పైగా రేణువులు దొరికాయి. చాలావరకు వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనివి. నౌక ఆ గ్రహశకలాన్ని తాకినప్పుడు లేచిన ధూళి లోపలికి చేరింది. ఆ ధూళి చాలు, భూమి మీద తరచుగా పడే ఒక రకం ఉల్కలు అలాంటి గ్రహశకలాల నుంచే వస్తాయని తేల్చడానికి.

వాళ్ళు అక్కడితో ఆగలేదు. హయబుసా-2 ర్యూగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాములు తెచ్చింది. 0.1 గ్రాము వస్తే చాలనుకున్నారు. ఈ రెండు క్యాప్సూల్స్ దిగింది మన పక్కింటి ఆస్ట్రేలియాలోనే, వూమెరా ఎడారిలో.

అమెరికా పంపిన ఒసైరిస్-రెక్స్ సంగతి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు మరీ ఇష్టం. బెన్ను అనే గ్రహశకలం మీద ఇసుక మైదానాలు ఉంటాయనుకుని వెళ్తే, అంతా బండరాళ్ళే. భూమి నుంచి 32 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం. ఇక్కడి నుంచి పంపిన మాట అక్కడికి చేరడానికే 18 నిమిషాలకు పైగా పడుతుంది. "ఆగు" అని అరిచేలోపు నౌక బండను గుద్దుకుంటుంది. అందుకని ముందే తీసిన ఫోటోలతో పటం తయారుచేసి నౌకకు నేర్పారు. దిగుతూ దిగుతూ తను చూసేదాన్ని ఆ పటంతో పోల్చుకోవాలి. ప్రమాదమనిపిస్తే ఎవరినీ అడగకుండా వెనక్కి తిరగాలి. 2020 అక్టోబరు 20న అనుకున్న చోటికి ఒక మీటరు లోపలే తాకింది. నత్రజని వాయువు ఊది మట్టి లేపింది, కొన్ని సెకన్లలో పైకి లేచింది. మట్టి ఎంత ఎక్కువ పట్టిందంటే, రాళ్ళు అడ్డుపడి మూత పూర్తిగా పడలేదు! ధూళి కారిపోతోందని చూసి, ఎంత బరువుందో తూచే కార్యక్రమం మానేసి గబగబా క్యాప్సూల్‌లో పెట్టి మూసేశారు.

2023 సెప్టెంబరు 24న అది యూటా ఎడారిలో దిగింది. అక్కడితో అయిపోలేదు. డబ్బాకు ఉన్న 35 మరల్లో రెండు బిగుసుకుపోయాయి. బలం పెట్టి విప్పితే మట్టి పాడవుతుంది. కొత్త పనిముట్లు తయారుచేసి, సాధన చేసి, 2024 జనవరిలో విప్పారు. మొత్తం 121.6 గ్రాములు. మన ఇంట్లో ఒక చిన్న గిన్నెడు పప్పు. ప్రాణులు ప్రోటీన్లకు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. మన డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లో అక్షరాల్లాంటి అయిదు అణువులూ ఉన్నాయి. ఉప్పునీరు ఎండిపోయినప్పుడు మిగిలే లవణాలూ ఉన్నాయి. బెన్ను మీద జీవం ఉందని దీని అర్థం కాదు. జీవానికి కావలసిన సరుకులు భూమి మీదే కాక అంతటా ఉన్నాయని అర్థం. సరుకులు ఉంటే సరిపోదు, వంట కావాలి. ఆ వంట ఇక్కడెలా అయిందన్నదే అసలు ప్రశ్న.

మడి సంగతి

మన వేలిముద్రలోనూ అమైనో ఆమ్లాలు ఉంటాయి. అంటే తెచ్చిన మట్టిని ఒకసారి చేత్తో ముట్టుకుంటే, తర్వాత దొరికినది ఆకాశం నుంచి వచ్చిందా, మన చెమట నుంచి వచ్చిందా తెలియదు. అందుకని ఆ మట్టిని నత్రజని నింపిన గాజు పెట్టెల్లో ఉంచుతారు. పెట్టెకు అమర్చిన చేతి తొడుగుల్లోంచి మాత్రమే పట్టుకుంటారు. లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి కాలి దాకా కప్పుకోవాలి. మన అమ్మమ్మలు చూస్తే ఒకే మాటలో చెబుతారు, వాళ్ళు మడి కట్టుకున్నారని. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఈ జాగ్రత్త మనకు వేరే ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ మడి రెండు వైపులా ఉంటుంది. న్యూజిలాండ్‌కు వచ్చిన ప్రతి కుటుంబానికీ ఆ రెండో వైపు అనుభవమే. ఆక్లండ్ విమానాశ్రయంలో "బూట్లకు మట్టి ఉందా?" అని అడుగుతారు. ఉందని చెబితే తీసుకెళ్ళి కడిగి తెచ్చి ఇస్తారు. దాచిపెడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఊరి నుంచి తులసికోట మట్టి చిటికెడు తెచ్చుకుందామని మనలో ఎంతమంది అనుకోలేదు? తేలేకపోయాం. అప్పుడు మనసు చివుక్కుమంది. కానీ ఆ చిటికెడు మట్టిలో కంటికి కనబడని పురుగు గుడ్డో, తెగులో ఉంటే మనవటూ పచ్చిక బయళ్ళ గతి ఏమిటి? కొత్త మట్టి తన ప్రాణులతో సహా వస్తుందన్నది ఈ దేశం కష్టపడి నేర్చుకున్న పాఠం.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం అదే అంటుంది. వేరే లోకాలను మన సూక్ష్మజీవులతో పాడుచేయకూడదు. వాటి నుంచి తెచ్చినది భూమికి కీడు చేయకూడదు. అపోలో 11 వ్యోమగాములను 21 రోజుల నిర్బంధంలో ఉంచారు. చంద్రుడి మీద ప్రాణి ఏదీ లేదని నమ్మకం కుదిరాక, అపోలో 14 తర్వాత ఆ నియమం ఎత్తేశారు. అంగారకుడి మట్టికి మాత్రం ఆ నియమం ఇంకా ఉంది, ఉండాలి కూడా.

శ్రీహరికోట నుంచి మళ్ళీ

ఇక మన చంద్రయాన్-4. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట నుంచే బయలుదేరుతుంది. సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడిలో ప్రతి ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు పూజ చేయించుకుంటారని మీకు తెలుసు. చంద్రయాన్-3కి ముందు రోజు ఒక చిన్న నమూనా నౌకను తిరుమల తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర ఉంచారు. లెక్క సరిచూసుకోవడమూ, దేవుడికి దణ్ణం పెట్టుకోవడమూ ఆ ఇంట్లో కలిసే ఉన్నాయి.

వెళ్ళడం ఇస్రోకు వచ్చు. తిరిగి రావడం కొత్త. ఒక్క రాకెట్ మోయలేనంత బరువు కాబట్టి రెండు ఎల్‌వీఎం-3 రాకెట్ల మీద అయిదు భాగాలుగా పంపాలి. భూమి చుట్టూ తిరుగుతుండగానే వాటిని జోడించాలి. చంద్రుడి మీద దిగి, మట్టి తీసి డబ్బాలో పెట్టాక, పై భాగం మాత్రం అక్కడి నుంచి లేవాలి. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న భాగంతో కలిసి, డబ్బాను అందించాలి. చివరికి ఒక క్యాప్సూల్ సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగంతో మన వాతావరణంలోకి దూరి, కాలిపోకుండా దిగాలి. ఇన్ని మెట్లలో ఒక్కటి తప్పినా మట్టి రాదు. తెచ్చేది సుమారు 3 కిలోలు.

ఇవన్నీ ఒక్కసారిగా నేర్చుకునేవి కావు. కొన్నేళ్ళుగా ఇస్రో ఒక్కొక్క మెట్టే ఎక్కుతోంది. 2007 జనవరిలో కక్ష్యలో 12 రోజులు తిరిగిన ఒక క్యాప్సూల్‌ను బంగాళాఖాతంలో దించి తీసుకొచ్చింది. 2023 సెప్టెంబరు 3న, పనంతా అయిపోయాక, విక్రమ్ ఇంజిన్లు మళ్ళీ వెలిగించి 40 సెంటీమీటర్లు పైకి ఎగిరి పక్కన దిగింది. టీవీలో చూసిన పిల్లలు అది కప్పగంతులా ఉందన్నారు. కానీ చంద్రుడి నేల మీంచి లేవడం అన్న పాఠంలో అది అఆఇఈ. ఆ తర్వాత చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చోదక భాగాన్ని తిరిగి భూమి కక్ష్యలోకి తెచ్చింది. 2025 జనవరి 16న స్పేడెక్స్ పేరుతో రెండు చిన్న ఉపగ్రహాలను అంతరిక్షంలో జోడించింది. ఎగరడం, తిరిగి రావడం, జోడించడం, దించడం. వేరువేరు పూసలు సిద్ధమయ్యాయి. ఇప్పుడు దండ గుచ్చాలి. 2028 లక్ష్యంగా పని సాగుతోంది.

తప్పే అవకాశం ఉందా అంటే, తప్పకుండా ఉంది. 2004లో సౌరవాయువు నమూనాలతో తిరిగి వచ్చిన జెనిసిస్ క్యాప్సూల్‌లో వేగం మార్పును పసిగట్టే చిన్న పరికరాలు తలకిందులుగా అమర్చి ఉన్నాయి. పారాచూట్ తెరుచుకోలేదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నేలను గుద్దుకుంది. అయినా వాళ్ళు ముక్కలు ఏరారు. బురద కడిగారు. ఏ ముక్క ఏ పలకలోదో గుర్తుపట్టారు. ఏళ్ళు పట్టినా, సూర్యుడిలోని ఆక్సిజన్ గురించి తెలుసుకోవలసింది తెలుసుకున్నారు. పలకలు ఒక్కొక్కటీ ఒక్కొక్క మందంతో ఉండబట్టి ముక్క చూసి చెప్పగలిగారు. మళ్ళీ మన రైతు సంచిలో చీటీ గుర్తొస్తుంది.

వేచి ఉన్న గొట్టాలు

ఒక బాధ కూడా చెప్పాలి. 2021 నుంచి అంగారకుడి మీద పర్సవరెన్స్ రోవర్ ఒకప్పుడు సరస్సుగా ఉన్న జెజెరో అనే చోట తిరుగుతోంది. చుట్ట సైజు గొట్టాల్లో రాళ్ళ నమూనాలు నింపి మూసి పెడుతోంది. పది గొట్టాలను ఒకచోట నేల మీద వరుసగా ఉంచింది కూడా. 2024లో ఒక రాతి మీద చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులు కనిపించాయి. భూమి మీద అలాంటివి సూక్ష్మజీవుల పని వల్ల ఏర్పడుతుంటాయి. జీవం లేకుండా ఏర్పడే దారీ ఉండవచ్చు. 2025 సెప్టెంబరులో ఆ పరిశోధన ప్రచురించినప్పుడు శాస్త్రవేత్తలు చెప్పింది ఒకటే, రాయి ఇక్కడికి వస్తే గానీ తేలదని.

ఆ రాతి ముక్క గొట్టంలో సిద్ధంగా ఉంది. తెచ్చేవాళ్ళే లేరు. తెచ్చే పథకం ఖర్చు 1,100 కోట్ల డాలర్లకు పెరిగి, గడువు 2040 దాకా జరిగిందని నాసాయే 2024లో ప్రకటించింది. చవకైన దారి చెప్పమని అడిగిన కంపెనీల్లో మన దేశంలో పుట్టిన రాకెట్ ల్యాబ్ కూడా ఉంది. మాహియా నుంచి 2022లో చంద్రుడి వైపు క్యాప్‌స్టోన్‌ను పంపిన సంస్థ అది. అయినా ఆ గొట్టాల ప్రయాణానికి ఇంతవరకు ముహూర్తం కుదరలేదు. మరో లోకంలో ఎప్పుడైనా ప్రాణి ఉందా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ ధూళిలో పడి ఉండవచ్చు. మట్టి తీయడం సగం పనే. ఇంటికి చేర్చే ఓపిక మిగతా సగం.

అయితే అది దండగా?

2,104 కోట్లను 140 కోట్ల మందికి పంచితే తలకు 15 రూపాయలు. ఒక టీ ఖర్చు. ఇలా లెక్క చెప్పి నోరు మూయించడం మాకు ఇష్టం లేదు. ఆ డబ్బుతో ఆసుపత్రులు కట్టవచ్చు, బడులు కట్టవచ్చు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ దేశభక్తులు కారు. మేము చెప్పేది ఇంతే. ఈ డబ్బుతో వచ్చేది వాడితే అయిపోయే వస్తువు కాదు. బెన్ను మట్టిలో కనీసం 70 శాతం ఇంకా పుట్టని శాస్త్రవేత్తల కోసం ముట్టుకోకుండా పక్కన పెట్టారు. 1972లో తెచ్చి మూసిన ఒక అపోలో గొట్టాన్ని 2022లో తెరిచారు. తెరిచినవాళ్ళలో చాలామంది అది తెచ్చిన నాటికి పుట్టనే లేదు. తమ చేతికి అందినదాన్ని తామే తినేయకుండా, ముఖం కూడా చూడని వారికి దాచిపెట్టడం. ధర్మం అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

అంకురార్పణ మాట అనుకున్నాం కదా. 2022లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 12 గ్రాముల అపోలో మట్టిలో ఆవ జాతికి చెందిన ఒక చిన్న మొక్క విత్తనాలు నాటారు. ఆ 12 గ్రాముల కోసం పదకొండేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ దరఖాస్తు చేశారు. రెండు రోజుల్లో విత్తనాలన్నీ మొలకెత్తాయి. తర్వాత మొక్కలు గిడసబారాయి, కొన్ని ఎర్రబడ్డాయి. వానపాము లేని, ఆకు కుళ్ళని, గాజు పెంకుల్లాంటి మట్టి అది. అందులో పెరగడం వాటికి కష్టమే. అయినా మొలకెత్తాయి. పరాయి మట్టిలో నాటుకోవడం ఎంత కష్టమో ఈ హాలులో కూర్చున్న మనకు వేరే చెప్పాలా?

వచ్చే బడి సెలవుల్లో పిల్లల తరగతిలో మన ఆలయ తోట మట్టిని నమూనాగా తీయిద్దామనుకుంటున్నాం. ఎక్కడ తీశామో, ఏ రోజు తీశామో, ఎంత లోతో పిల్లలే చీటీ రాస్తారు. సగం పరీక్షిస్తాం. సగం మూసి, ఆలయ గ్రంథాలయంలో పెడతాం, పదేళ్ళ తర్వాత తెరవమని రాసి. పొలం పని తెలిసిన తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చి నేర్పితే మాకు బలం. పేర్లు కార్యాలయంలో ఇవ్వండి.

ప్రసంగం తర్వాత పిల్లలు అడిగినవి

చంద్రుడి మట్టికి వాసన ఉంటుందా? 
అపోలో వ్యోమగాములు నౌకలోకి వచ్చి శిరస్త్రాణం తీశాక కాల్చిన తుపాకీ మందు వాసన వచ్చిందన్నారు. దీపావళి మర్నాటి వీధి వాసన అనుకోండి.

కొనుక్కోవచ్చా? 
లూనా-16 తెచ్చిన మూడు చిన్న రేణువులు 1993లో న్యూయార్క్ వేలంలో 4,42,500 డాలర్లు పలికాయి. హుండీ మీద ఆశ పెట్టుకోవద్దు.

మట్టి తెచ్చిన దేశమే దాన్ని ఉంచేసుకుంటుందా? 
పంచుకుంటారు. జపాన్ ర్యూగు మట్టిలో పదో వంతు అమెరికాకు ఇచ్చింది. అమెరికా బెన్ను మట్టిలో జపాన్‌కూ, కెనడాకూ వాటా ఇచ్చింది. ప్రసాదం లాగే.

పులిహోర చల్లారిపోతోంది, భోజనాలకు లేవండి.